స్టీరింగ్ మీద తొమ్మిదింబావు

గడియారాల ప్రకటనల్లో ముళ్లు ఎప్పుడూ పదీ పది దగ్గరే ఆగి ఉంటాయి. కారు నడపడం నేర్పేవాళ్లలో చాలామందికి కాలం ఇంకా అక్కడే ఆగి ఉంది. ఎడమ చెయ్యి పది అంకె మీద, కుడి చెయ్యి రెండు మీద పెట్టమంటారు. నేర్పేవారి చెయ్యి పక్క సీట్లోంచి వచ్చి ఏ అంకె మీద పడుతుందో మాత్రం ఎవరూ చెప్పలేరు. పదీ పదిని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. పాత అంబాసిడర్‌కి అది నూటికి నూరుపాళ్లు సరైన సలహా. పవర్ స్టీరింగ్ లేని చక్రం పెద్దది, మొండిది. దాన్ని పైనుంచి పట్టుకుని ఒంటి బరువంతా వేసి కిందికి లాగితేగానీ కదిలేది కాదు. ఆగి ఉన్న బండిలో దాన్ని రెండు చుట్లు తిప్పినవాడికి ఆ పూటకి వేరే వ్యాయామం అక్కర్లేదు. పైగా ఆ చక్రం మధ్యలో పేలే సరుకేమీ ఉండేది కాదు.

ఇప్పుడు ఉంది. 2019 జూలై నుంచి మన దేశంలో కొత్త కార్లకు డ్రైవర్ వైపు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. చక్రం నడిమధ్య మూత కింద మడతలు పెట్టి ఉన్న ఆ సంచి, బండి గట్టిగా ఢీకొనగానే గ్యాసుతో ఉబ్బి, కన్ను మూసి తెరిచేలోగా మూత చీల్చుకుని బయటికొస్తుంది. గంటకు 200 కిలోమీటర్లు దాటిన వేగంతో వచ్చే ఆ సంచి, దారిలో ఎవరి చెయ్యి అడ్డంగా ఉందో చూసుకోదు. చేతులు చక్రం పైభాగాన ఉంటే ముంజేతి ఎముక విరగొచ్చు, లేదా మన చేతులే వచ్చి మన మొహాన్ని బాదొచ్చు. తప్పు చేస్తే లెంపలేసుకోవడం మన ఆచారమే గానీ, మరీ ఆ వేగంతో కాదు. అందుకే అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ చేతుల్ని తొమ్మిది, మూడు అంకెల దగ్గరికి దించమంటోంది. అంటే తొమ్మిదింబావు. అక్కడ చేతులు సంచి దారికి పక్కగా ఉంటాయి. చక్రానికి సరిగ్గా ఎదురెదురు అంచుల్లో ఉంటాయి కాబట్టి ఒకటి తోస్తుంటే ఒకటి లాగుతుంది. ఇంకా నమ్మకం కుదరకపోతే కొత్త కారు చక్రాన్నే చూడండి. బొటనవేళ్లు ఆనడానికి ఒంపులు, పాట గొంతు తగ్గించే బటన్లు ఎక్కువ కార్లలో ఆ చుట్టుపక్కలే ఉంటాయి. కారు చేసినవాడు చేతులకి సీట్లు రిజర్వు చేసి పెట్టాడు. మనమే ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నాం.

అసలు చిక్కు పదీ పదితో కాదు, హారన్‌తో. మనవాళ్లకి కారంటే నాలుగు చక్రాల మీద పెట్టిన హారన్. చాలా కార్లలో దాన్ని మోగించాలంటే ఎయిర్‌బ్యాగ్ మూతనే నొక్కాలి. ఎదుటి బండి మీదికొచ్చేస్తోందనగానే బ్రేకు కంటే ముందు మనకి గుర్తొచ్చేది హారనే. అంటే సంచి పేలే సరిగ్గా ఆ క్షణానికి అరచెయ్యి సరిగ్గా దాని నెత్తిన ఉంటుంది. హారన్ వద్దని చెప్పి ఈ దేశంలో నెగ్గుకురాగలనన్న భ్రమ నాకు లేదు. చెయ్యి తొమ్మిది దగ్గరే ఉంచి, బొటనవేలితో అందినంతమేర నొక్కండి చాలు. శబ్దం అంతే వస్తుంది. కసే కాస్త తీరదు.

పవర్ స్టీరింగ్ వచ్చాక ఒక్క వేలు చాలదా అంటారు. తిప్పడానికి చాలు, ఆపుకోవడానికి చాలదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. అప్పుడు ముందు టైరు పేలితేనో, గుంటలో పడితేనో చక్రం ఒక్కసారిగా గుంజుకుంటుంది, వేలిని అడిగి కాదు. సినిమా హీరో ఒంటి చేత్తో, అదీ హీరోయిన్ వైపు చూస్తూ నడుపుతాడుగా అంటే, చాలాసార్లు ఆ కారుని ముందు ఇంకో బండి లాగుతూ ఉంటుంది. మరి గేరు మార్చొద్దా? మార్చాల్సిందే. ఎడమ చెయ్యి గేరు రాడ్డు దగ్గరికి చుట్టపుచూపుగా వెళ్లి రావాలి గానీ, అక్కడే ఇల్లరికం ఉండిపోకూడదు. దూర ప్రయాణాల్లో భుజాలు లాగుతాయన్న మాట మాత్రం నిజమే. అలాంటప్పుడు చేతులు మరికాస్త దించి ఎనిమిదీ ఇరవై దగ్గర పెట్టుకున్నా తప్పులేదు. పన్నెండు దగ్గర ఒక్క చెయ్యి వేలాడేసి రెండోదాన్ని కిటికీలోంచి ఊరికి చూపించడం కంటే అది వెయ్యి రెట్లు నయం.

ఇక మిగిలింది, వాదించడానికి నాకూ జంకుగా ఉండే అభ్యంతరం. దారిలో గుడి కనిపిస్తే రెండు చేతులూ వదిలేసి దండం పెట్టేవాళ్లున్నారు. భక్తిని కాదనను. కానీ ఆ రెండు క్షణాలూ కారు నడిపే పని కూడా దేవుడి మీదే తోసేస్తే, ఆయన్ని లైసెన్సు అడిగేవాడెవడు? చేతులు తొమ్మిదింబావు దగ్గరే ఉంచి తల కాస్త వంచితే దండం అందుతుంది. కళ్లు మాత్రం మూయకండి.