ఏం గాదు సారూ!

ప్రతి ఫ్యాక్టరీకీ ఒక యజమాని ఉంటాడు, ఒక జనరల్ మేనేజరు ఉంటాడు, ఒక టవరన్న ఉంటాడు. మొదటి ఇద్దరూ వారం రోజులు తిరుపతి వెళ్లొచ్చినా సరుకు తయారవుతూనే ఉంటుంది. టవరన్న ఒక్కపూట జ్వరమని పడుకుంటే మధ్యాహ్నానికల్లా మిషన్లు ఒకదాని తర్వాత ఒకటి ఎర్రదీపాలు వెలిగించి కూర్చుంటాయి.

హాజరుపట్టీలో ఆయన పేరు వేరే ఉంటుంది. అది జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ తెలియదు. కూలింగ్ టవర్ కాడ ఉంటాడు గనక టవరన్న. వయసు యాభైకి అటో ఇటో. కుడిచెవి మీద బీడీ, జేబులో పొడుగాటి స్క్రూడ్రైవరు, భుజం మీద తువ్వాల. స్క్రూడ్రైవరు మొన మోటారు బేరింగుకి ఆనించి పిడి చెవికి పెట్టుకుని, డాక్టరు గుండె విన్నట్టు కళ్లు మూసుకుంటాడు. "ఇంకో పదిహేను దినాలు నడుస్తది" అంటాడు. సరిగ్గా పదహారో రోజున బేరింగు అరుస్తుంది. తువ్వాల సంగతి తర్వాత చెబుతాను. దానిది పెద్ద కథ.

ఆయన నోట మంత్రం ఒకటే: ఏం గాదు సారూ. తడి చేతులతో స్విచ్ బోర్డు ముట్టుకుంటూ అదే మాట, తాడు లేకుండా నిచ్చెనెక్కుతూ అదే మాట. పైనుంచి స్పానరు జారి మన పక్కనే పడితే, దాన్ని ఏరుకోవడానికి దిగివచ్చి, మన భుజం తట్టి మరీ అదే మాట.

నేను తెనాలి నుంచి కొత్త డిగ్రీతో జీడిమెట్లలో ఉద్యోగానికి వచ్చాను. అది ప్లాస్టిక్ డబ్బాలు, మూతలు పోసే ఫ్యాక్టరీ. ప్లాస్టిక్కుని కరిగించడానికి ఎంత వేడి కావాలో, అచ్చులో గట్టిపడ్డానికి అంత చల్లదనం కావాలి. నేను చేరిన నెలకే కొత్త ఫ్లూయిడ్ కూలర్ తెప్పించారు. పాత టవరుకీ దీనికీ తేడా ఏమిటని యజమాని అడిగితే, నేను ఉష్ణ వినిమయం అని మొదలుపెట్టాను. ఆయన ఫోను చూసుకోవడం మొదలుపెట్టారు. టవరన్న కలగజేసుకున్నాడు.

"పిల్లగానికి పాలు ఎట్ల సల్లార్పుతరు సారూ? ఒకటి, ఈ గిలాసలకెల్లి ఆ గిలాసలకు ఎత్తి పోస్తరు. గాలి తాకి సల్లబడతయి, కాని దుమ్ము గూడ పడతది. గది మన పాత టవరు. ఇంకోటి, గిలాసను నీళ్ల పళ్లెంల పెట్టి ఇసురుతరు. పాలు పాలే, నీళ్లు నీళ్లే. గిది కొత్తది."

ఇంజనీరింగు కాలేజీలో నాలుగేళ్లు నాకు ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు. అచ్చుల్లో తిరిగే మంచినీళ్లు రాగి గొట్టాల చుట్టలో ఉంటాయి. ఆ చుట్ట మీద వేరే నీళ్లు పంపు చల్లుతుంది, పైనున్న ఫ్యాను గాలి లాగుతుంది. చల్లిన నీళ్లలో కొంచెం ఆవిరై పోతూ వేడిని మూటగట్టుకుని వెళుతుంది. ఒక లీటరు ఆవిరైతే సుమారు 580 కిలో కేలరీలు. అంటే ఆ ఒక్క లీటరూ పోతూ పోతూ వంద లీటర్లను దాదాపు ఆరు డిగ్రీలు చల్లబరచిపోతుంది. త్యాగం అంటే అలా ఉండాలి.

మిషను ఎక్కడ పెట్టాలన్న దగ్గర అసలు రామాయణం మొదలైంది. యజమాని సిద్ధాంతిని పిలిపించారు. నీళ్లంటే ఈశాన్యం అన్నారాయన. కానీ ఇది టన్నుల బరువు, బరువు నైరుతిలో ఉండాలి. మోటారు ఉంది, అంటే అగ్ని, ఆగ్నేయం. ఫ్యాను ఉంది కాబట్టి వాయవ్యం. నాలుగు మూలలూ ఒకే ఇనప పెట్టెలో ఇమిడి ఉన్న వస్తువుని ఆయన జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టుంది. చాలాసేపు చూసి, చెమట తుడుచుకుని, గాలికే ఓటేశారు. వాయవ్యంలో క్యాంటీను గోడ ఉంది, గోడ మీంచి రేకుల చూరు ముందుకు చొచ్చుకుని ఉంది. గాలి పీల్చే మిషను చుట్టూ ఎంత జాగా వదలాలో కంపెనీవాళ్ల పుస్తకంలో బొమ్మ గీసి మరీ ఉందని నేను చూపించాను. పుస్తకం తీసి పూజసామాన్ల కింద పెట్టారు, తడి తగలకుండా.

హైడ్రా క్రేను వచ్చింది. టవరన్న ముందురోజే మేస్త్రీల దగ్గర నీళ్ల ట్యూబు అరువు తెచ్చి, దిమ్మె నాలుగు మూలలూ మట్టం చూసి, వెంట్రుకవాసి తేడా ఉన్న మూల కింద రేకుముక్క దూర్చాడు. మిషను గాల్లో ఊగుతున్నప్పుడు మాత్రం దాని కింద నిలబడి డ్రైవరుకి చేతులూపాడు. నేను కేకేశాను. జవాబు మీకు తెలుసు.

గుమ్మడికాయ కొట్టారు, స్విచ్ వేశారు. ఫ్యాను గర్రున తిరిగింది, గాలి మాత్రం పైకి రావడం లేదు. టవరన్న తువ్వాల విప్పి, గాలి లోపలికి పోయే లూవర్ల ముందు పట్టుకున్నాడు. అది లోపలికి అంటుకోవాల్సింది పోయి బయటికి ఎగిరింది. "ఉల్టా తిరుగుతుంది." మూడు ఫేజుల్లో రెండు వైర్లు అటుదిటు మార్చాక తువ్వాల లూవర్లకి కరుచుకుంది.

అయినా నీళ్లు చల్లబడలేదు. వారం రోజులు అందరూ కంపెనీవాళ్లను తిట్టారు. టవరన్న ఏమీ అనలేదు. శుక్రవారం క్యాంటీను పూజ కాగానే సాంబ్రాణి కుండ పట్టుకుని నిచ్చెనెక్కాడు. ఫ్యాను గాలి పోయే చోట, చూరు అంచున దాన్ని పట్టుకున్నాడు. పొగ పైకి లేచింది, రేకులకి కొట్టుకుంది, ఒక్క క్షణం ఎటు పోవాలో తోచనట్టు గిరికీలు కొట్టింది. ఆపైన గోడ వెంట జారి, బుద్ధిగా, మళ్లీ లూవర్లలోకే పోయింది. లోపల్నుంచి వచ్చిన తడి వేడిగాలినే మిషను మళ్లీ పీలుస్తోంది. దుప్పటి ముసుగేసుకుని పడుకున్నవాడు తన ఊపిరే తాను పీల్చినట్టు.

దీన్ని యజమానికి చెబితే లాభం లేదని జనరల్ మేనేజరుకి తెలుసు. ఆయన సిద్ధాంతికి చెప్పారు. మర్నాడు సిద్ధాంతి వచ్చి, వాయవ్యంలో బరువు చంచలం, నైరుతికి జరపమన్నారు. నైరుతిలో నలువైపులా ఖాళీ జాగా ఉంది. క్రేనుకి రెండోసారి డబ్బు కట్టారు. ఆ రోజు నుంచి ఆ మిషను వాస్తుబలంతో పనిచేస్తోందని మా యజమాని నమ్మకం.

మేలో ఆయనకి కొత్త కోరిక పుట్టింది. నీళ్లు 20 డిగ్రీలకి రావాలన్నారు. టవరన్న థర్మామీటరు బుడ్డికి తువ్వాల కొస తడిపి చుట్టి, నీడలో గాలికి ఊపాడు. అంతకుముందు 40 చూపించింది తడిగుడ్డతో 24 దగ్గర నిలబడింది. "తడిబట్టనే 24 అంటుంటే మిషను 20 ఎట్లంటది సారూ? వైజాగుల ఆషాఢంల అయితే గిది గూడ రాదు. ఆడ గాలి ముందుగాలనే తడిసి ఉంటది, ఇంక నీళ్లెట్ల తాగుతది?" హైదరాబాదు ఎండని మెచ్చుకున్న మనిషిని నేను ఆయన్నొక్కణ్నే చూశాను.

అన్నిటికన్నా పెద్ద యుద్ధం అకౌంట్స్ మేనేజరుతో. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. ట్యాంకరు తెచ్చే బోరు నీళ్లలోని ఉప్పూ సున్నమూ మిషను కింది తొట్టిలోనే చిక్కబడతాయి, వదిలేస్తే గొట్టాల మీద గార కడతాయి. అందుకని కొన్ని నీళ్లు ఎప్పటికప్పుడు కాలవలోకి వదిలెయ్యాలి. అకౌంట్స్ మేనేజరు గారు భోజనం తర్వాత వాహ్యాళికి అటు వచ్చేవారు. ట్యాంకరు నీళ్లు కాలవలో పోతుంటే ఆయన ప్రాణం పోయినట్టయ్యేది. వాల్వు కట్టేసేవారు. ఆయన వెనక్కి తిరగ్గానే టవరన్న తిప్పేవాడు. నెల రోజులు ఇద్దరూ ఒకరికొకరు కనబడకుండా ఆ వాల్వు ఆడించారు. చివరికి టవరన్న ఆ పెద్దమనిషి టేబులు మీద, కాఫీ కప్పు పక్కన, పాత టవరు పైపు ముక్క ఒకటి పెట్టి వచ్చాడు. మూడంగుళాల పైపు, లోపల తెల్లటి రాయి, మధ్యలో బీడీ దూరేంత కంత. దూరుతుందని చూపించడానికి బీడీ కూడా పెట్టాడు.

ఇలా మిషను సంగతి వస్తే ఆయనంత జాగ్రత్తపరుడు లేడు. మిషనుకి అల్లుడి మర్యాదలు చేస్తాడు. తన ఒంటికి మాత్రం ఇంటి వెనక పెరటి మర్యాద కూడా లేదు. ఎండ మండే వేళ టవరు పక్కన నిలబడి, గాలితో వచ్చే తుంపర మొహాన పడుతుంటే, "పెండ్లిల పన్నీరు జల్లినట్టుంటది" అని మురిసిపోయేవాడు. నేను ఫిలడెల్ఫియా కథ చెప్పాను. 1976 జూలైలో అక్కడి ఒక హోటల్లో అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సభ జరిగింది. వెళ్లినవాళ్లు ఊపిరితిత్తుల జబ్బుతో వరసగా పడిపోయారు. ఆర్నెల్లు వెతికితే గోరువెచ్చటి నీళ్లలో పెరిగే ఒక సూక్ష్మజీవి దొరికింది. తుంపరలో కలిసి ఊపిరితో లోపలికి పోతుంది. అందుకే తొట్టికి మందు వెయ్యాలి, పాచి కడగాలి, కడిగేటప్పుడు మాస్కు పెట్టుకోవాలి. టవరన్న శ్రద్ధగా విని తొట్టిని అద్దంలా కడిగించాడు, మందు వేళ తప్పకుండా వేశాడు. మాస్కు మాత్రం కొక్కేనికి తగిలించాడు. "మిల్ట్రీవాళ్లకొచ్చే జబ్బు నాకేడ వస్తది సారూ."

ఇక తువ్వాల.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం తిరిగే యంత్రం దగ్గర పనిచేసేవాడు ఒంటికి బిగుతుగా ఉండే బట్టలు వేసుకోవాలంది. ఆ బట్టలు యజమానే ఇవ్వాలని కూడా అంది. యజమాని ఇచ్చారు. టవరన్న వాటిని వేసుకుని, పైన తువ్వాల వేసుకునేవాడు. ఒక జనవరి పొద్దున ఫ్యాను ఆగి ఉంది. బెల్టు బిగువు చూద్దామని పైకెక్కి, గార్డు విప్పి, తువ్వాల తీసి బెల్టు పక్కన ఆరేసి, బీడీకి అగ్గిపెట్టె లేదని గుర్తొచ్చి కిందికి దిగాడు. ఆ ఫ్యానుని ఎవరూ ఆపలేదు. చలికి నీళ్లు చల్లబడి, థర్మోస్టాట్ ఆపింది. ఎండెక్కాక థర్మోస్టాటే మళ్లీ పెట్టింది. అదీ ఆయన అగ్గిపుల్ల గీసి, బీడీ అంటించి, రెండు దమ్ములు లాగేంత సేపట్లో జరిగింది. పైనుంచి ఒక చప్పుడు, తర్వాత పేలికలు. గళ్ల తువ్వాల తోరణాల్లా ముక్కలై ఫ్యాను గాలికి లేచి, ఆవరణంతా ఎగిరి, ఒక ముక్క వచ్చి ఆయన కాళ్ల దగ్గరే పడింది.

ఆయన వంగి దాన్ని తీసుకున్నాడు. చేతిలో తిప్పి తిప్పి చూశాడు. ఏం గాదు అంటాడేమోనని చూశాను. అనలేదు. బీడీ పారేశాడు.

మర్నాడు, ఆర్నెల్ల క్రితం నేను పంచితే అటకెక్కిన ఎర్రతాళం తీసుకొచ్చి ఎదట పెట్టి, "మల్ల జెప్పుండ్రి" అన్నాడు. చెప్పాను. పైకెక్కేముందు కరెంటు కోసే ఐసోలేటరు కిందికి లాగి నీ తాళం వెయ్యాలి, నీ పేరు చీటీ కట్టాలి. స్విచ్ వేసి తిరగడం లేదని చూసుకోవాలి. కరెంటు లేకపోయినా గాలికి రెక్కలు తిరుగుతాయి, తాడేసి కట్టాలి. తాళంచెవి నీ దగ్గరే ఉండాలి, నీ తాళం నువ్వే తియ్యాలి. "నేనే?" "నువ్వే అన్నా." చెవిని అక్కడికక్కడే మొలతాడుకి కట్టుకున్నాడు.

ఫాల్గుణంలో ఒక శనివారం సాయంత్రం బెల్టు తెగింది. టవరన్న తాళం వేసి, రెక్కలు కట్టేసి, మనవడి పుట్టువెంట్రుకలకని కొమురవెల్లి మల్లన్న దగ్గరికి వెళ్లాడు. సోమవారం పొద్దున సగం మిషన్లు ఆగాయి. బెల్టు సంగతి ఎవరికీ తెలియదు, తాళం ఒక్కటే కనబడుతోంది. జనరల్ మేనేజరు వెల్డరుని పిలిచి రంపం తెమ్మన్నారు. నేను ఫోను చేశాను. వెనక డోలు చప్పుడు.

"కొయ్యనియ్యకుండ్రి సారూ! నా తాళం నేనే దియ్యాలె అని మీరే గద జెప్పిండ్రు. ఒస్తున్న. రాణీగంజుల దిగి ఒస్త."

వెల్డరు రంపం పట్టుకునే నిలబడ్డాడు. నేను నిచ్చెనెక్కి చూసి వచ్చి, బెల్టు లేని కప్పీ గురించీ, రెక్కలకున్న తాడు గురించీ మేనేజరు గారికి చెప్పాను. ఆయన వెల్డరుని వెళ్లిపొమ్మన్నారు.

పన్నెండున్నరకి టవరన్న వచ్చాడు. నున్నటి గుండు, నుదుట పసుపు బండారి, తువ్వాల ఉండే భుజం మీద రాణీగంజులో కొన్న కొత్త బెల్టు. ఎవరితోనూ మాట్లాడకుండా పైకెక్కి పని ముగించి, కట్లు విప్పి, గార్డు బిగించి దిగాడు. యజమాని, మేనేజరు, నేను ఐసోలేటరు దగ్గర ఎదురుచూస్తున్నాం. చొక్కా ఎత్తి, మొలతాడు ముడి విప్పడానికి పళ్లతో సహా తంటాలు పడ్డాడు. ఆ రెండు నిమిషాలూ మేనేజరు గారు ఆకాశం వంక చూశారు. తాళం ఊడింది.

యజమాని గారు ముందుకు వంగి, పైనున్న ఫ్యాను వంక చూస్తూ, "వేసెయ్ టవరన్నా, ఏం కాదు కదా?" అన్నారు.

"ఏమైతదో ఎవరికెరుక సారూ," అన్నాడు టవరన్న, హ్యాండిలు మీద చెయ్యి వేసి. "జర అవతలికి జరుగుండ్రి."