అడ్డం, నిలువు, ఆషాఢం

ఆషాఢంలో కల్యాణ మండపాలు ఖాళీగా ఉంటాయి. ఉరవకొండలో గళ్లు నింపేవాళ్ల సభ జరగడానికి ఇంతకు మించిన కారణం లేదు. ఇందులో సిగ్గుపడేదీ లేదు. అమెరికాలో స్టామ్‌ఫర్డ్ అనే ఊళ్లో చలికాలం గదులు నిండక ఒక హోటలువాళ్లు విల్ షార్ట్జ్ అనే కుర్రాణ్ణి పిలిచి, పజిళ్ల పిచ్చివాళ్లను పోగేసి పోటీ పెట్టమన్నారు. అది 1978. ఆ పోటీకి ఇప్పటికీ జనం విమానాలెక్కి వస్తున్నారు. వాళ్లకు మంచు కలిసొచ్చింది, మాకు ఆషాఢం.

మండపం దొరికింది గానీ మనుషుల్ని పోగెయ్యడం అంత సులువు కాదు. ఈ జాతి ఒంటరిది. ఆదివారం అనుబంధం ఇంట్లో మరొకరి చేతికి పోకముందే లాక్కుని, చెవిసందున పెన్సిలు పెట్టుకుని మూల చూసుకునే రకం. పైగా సూటిగా మాట్లాడరు. రమ్మని ఫోన్ చేస్తే ఒకాయన "చూస్తాను" అన్నాడు. మన దేశంలో చూస్తానంటే రాననే కదా. నిట్టూర్చబోతుంటే, "తల మార్చి చదువుకోండి సార్" అని పెట్టేశాడు. పట్టుచీరలు నేసే ఒకాయన మాత్రం కచ్చితంగా చెప్పాడు: "మా మగ్గంలో పడుగూ పేకా, మీ కాగితంలో నిలువూ అడ్డమూ. మాది అమ్ముడుబోతాది సార్, అంతే తేడా." అయినా వచ్చాడు. అందరికన్నా ముందొచ్చాడు.

సభకు పేరు పెట్టడం దగ్గర రెండు పార్టీలయ్యాయి. శ్రీశ్రీ కట్టినవి పదబంధ ప్రహేళికలు, ఆరుద్ర కట్టినవి గళ్ల నుడికట్లు. ఎవరి అభిమానం వాళ్లది. చివరికి ఫ్లెక్సీ వెడల్పు ఎక్కువగా ఉందని పొడుగు పేరే ఖాయం చేశాం. ఫ్లెక్సీ కొట్టినవాడు దాన్ని 'పదబంధ ప్రహ్లాదిక' చేశాడు. పక్కనే పెన్నహోబిలం నరసింహస్వామి ఉన్న ఊరు మాది. ప్రహ్లాదుడి పేరు చూసి నలుగురు అవ్వలు టెంకాయలతో దిగారు. వాళ్లకు సంగతి చెప్పే ధైర్యం ఎవరికీ లేక ఉగ్గాని, బజ్జీ పెట్టి ముందు వరుసలో కూర్చోబెట్టాం. సభలో ఆసాంతం నిశ్శబ్దంగా ఉన్నది వాళ్లే.

బహుమతుల మాట రాగానే మాలోని వకీలుగారు లేచారు. 1955 నాటి బహుమతి పోటీల చట్టం ఒకటుందట. అందులో క్రాస్‌వర్డ్‌ను పేరుపెట్టి మరీ ఎక్కించారట. నెలకు మొత్తం బహుమతులు వెయ్యి రూపాయలు దాటకూడదట. వేళాకోళమనుకున్నాను, నిజమే. ఆ రోజుల్లో ఎంట్రీ ఫీజు పుచ్చుకుని నడిపే గళ్లపోటీలు లాటరీకి తోబుట్టువులు. ఆ వ్యాపారం చేసిన చమర్‌బాగ్‌వాలా అనే ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఆ చట్టం జూదానికే గానీ నేర్పుతో గెలిచే పోటీలకు వర్తించదని 1957లో కోర్టు తేల్చింది. "అయితే మనకు భయం లేదు గదా!" అన్నాను. వకీలుగారు హాలంతా ఒకసారి కలయజూసి, "వీళ్లది నేర్పని కోర్టులో రుజువు చేసే పూచీ నాది కాదు" అన్నారు.

అందుకని వెయ్యి లోపలే ముగించాం. మొదటి బహుమతి శబ్దరత్నాకరం, రెండోది అయిదు కేజీల చెనక్కాయలు. దాంతో హాల్లో ప్రతివాడూ రెండో స్థానం కోసం పోరాడాడు. అన్నీ నింపేసి ఒక్క గడిని మాత్రం కావాలని తప్పు రాసినవాళ్లను నేను చూశాను.

1913 డిసెంబరులో న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ మొట్టమొదటి పజిల్ వేసినప్పుడు గడికో అక్షరం చాలింది. మన గడిలో 'స్త్రీ' గుడిదీర్ఘంతో, వత్తులతో సహా సర్దుకుని కూర్చోవాలి. ఇంగ్లీషు మీడియం పిల్లవాడొకడు ఆమెను మూడు గళ్లలో పరిచి, పక్కవాణ్ణి రెండు గళ్లు అప్పు అడిగాడు.

ప్రశ్నలు మేమే కట్టుకున్నాం. "తల మారిస్తే పరువు, మళ్లీ మారిస్తే బరువు, అసలు తలతో మా జిల్లాలోనే కాపురం (3)." దీన్ని అందరూ ఊపిరి పీల్చేలోగా నింపారు. గొడవంతా "ఈ నేల పంట (4)" దగ్గర వచ్చింది. మేమనుకున్నది చెనక్కాయ. చెనిక్కాయ అని ఒకరు, శెనక్కాయ అని ఇంకొకరు. గుంటూరు నుంచి మా ఊరికి కోడలిగా వచ్చిన టీచరమ్మ వేరుశనగ తప్ప మరోటి ఒప్పుకోనన్నది. దానికి అయిదు గళ్లు కావాలమ్మా అంటే, పంట పేరు మార్చేబదులు గళ్లు మార్చమన్నది. తవ్వి తినే వస్తువును ఎట్ల రాస్తే ఏమప్పా అని ఒక రైతు అన్నాడు గానీ, అలాంటి మాటలకు ఈ సభల్లో విలువుండదు. రెండో గడిలో 'న'నా, 'ని'నా అని ముప్పావుగంట నడిచింది. ఏది రాసినా మార్కు ఇచ్చేశాం. పత్రికలవాళ్లు కూడా మా సీమ మాటలకు అప్పుడప్పుడు ఇలా రెండు గళ్లు వదిలితే పోయేదేమీ లేదని నా ఉద్దేశం.

ఇంకో ప్రశ్న: "తోక తెగిన నవాబు తిరిగొస్తే రైతుకు పండగ (2)." ఒక పెద్దాయన మిగతావన్నీ నింపి దీన్ని ఖాళీగా వదిలేశాడు. తెలీదా తాతా అంటే, "తెలుసులేప్పా. వచ్చినప్పుడు రాస్తా" అన్నాడు. ఏడాదంతా కలిపి సగటున 550 మిల్లీమీటర్లు పడే జిల్లాలో ఆ జాగ్రత్తను తప్పుపట్టలేం.

మధ్యాహ్నం ఫైనల్ మొదలైన కాసేపటికి అది రానే వచ్చింది. ఊరికే తుంపర కాదు, పదునయ్యే వాన. వేరే ఊళ్లలో వాన పడితే జనం హాల్లోకి వస్తారు. ఇక్కడ హాలు ఖాళీ అయింది. "గొర్రు కట్టాల సార్" అని కొందరు, వజ్రకరూరు పొలాల్లో వాన కడిగిన రాళ్లు ఏరాలని ఇంకొందరు, గొడుగైనా తెరవకుండా పరుగు. పెద్దాయన మాత్రం గుమ్మం దగ్గర ఆగి, కాగితం తొడ మీద పెట్టుకుని 'వాన' అని రాసి, నా చేతిలో పెట్టి వెళ్లాడు. తప్పుల్లేని కాగితం అదొక్కటే. గడువు దాటిందని వకీలుగారు అభ్యంతరం చెప్పబోయారు గానీ, వినడానికి ఎవరూ మిగల్లేదు. అవ్వలు టెంకాయలు కొట్టి సభ ముగించారు.

వచ్చే ఆషాఢానికి మండపం మాట్లాడి పెట్టాం. అనంతపురం నుంచైనా బళ్లారి నుంచైనా బస్సులున్నాయి. పెన్సిలూ రబ్బరూ మీరే తెచ్చుకోండి, ఉగ్గాని మేం చూసుకుంటాం. ఆ రోజు పొద్దున్నే వాన పడుతుంటే మాత్రం బయల్దేరకండి. మేమెవరమూ ఉండం.