ఇరుసు బేరింగుకు ఇంటి వైద్యం

పాత బైకు ఇంజినుతో మట్టిబాటల బగ్గీ కడుతున్న తమ్ముళ్లూ, ముందుగా అభినందనలు. బాహా అనే విద్యార్థుల బగ్గీ పోటీలకు బండి కట్టేవాళ్లను పట్టిపట్టి తనిఖీ చేసి, ఆపైన 4 గంటల ఎండ్యూరెన్సు రేసులో తోముతారు. మనకా బాధ లేదు. కాబట్టి వెనక ఇరుసును మోసే బేరింగు హౌసింగులు మనమే చేసుకుందాం.

మన ఇరుసుకు వేసే 6205 బేరింగు లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లు, బయటిది 52. లేతు మేస్త్రీ దగ్గరికెళ్తే మిల్లీమీటరులో వందో వంతు లెక్కలు చెప్పి విసిగిస్తాడు. అందుకని ఆటోనగర్ స్క్రాపులో 52కి దగ్గరగా ఉన్న పైపు ముక్క ఏరుకోండి. వదులైతే కూల్‌డ్రింకు టిన్ను కత్తిరించి చుట్టండి. బిగువైతే సుత్తి ఉంది కదా.

సుత్తి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఇరుసు మీదికి బేరింగు ఎక్కించేటప్పుడు లోపలి రింగుకు ఆనేలా పైపు పెట్టి దాని మీద కొట్టాలంటారు చాదస్తులు. మీరు బయటి రింగు మీదే కొట్టండి. పెద్దది, గురి తప్పదు. దెబ్బంతా బాల్సు మీదుగా పోయి, అవి దొర్లే దారిలో చిన్నచిన్న గుంటలు పడతాయి. పైకి ఏమీ కనబడదు. చేత్తో తిప్పితే మాత్రం గరగరమంటుంది. అడిగినవాళ్లకు కొత్త బేరింగు, ఇంకా సెట్టవ్వలేదని చెప్పండి.

ఇక వెల్డింగు. ముందు బ్రాకెట్టుకు వెల్డింగు చేయించి, చల్లారాక బోరు కొట్టించి, రెండు హౌసింగుల్లోంచి ఒకే తిన్నని షాఫ్టు దూర్చి లైను చూసుకోవడం ఓపికున్నవాళ్ల పని. మనం బేరింగు లోపలుండగానే ఛాసిస్‌కు అంటించేద్దాం. ఎర్తు క్లాంపు ఇరుసుకే తగిలించండి, చేతికి దగ్గరగా ఉంటుంది. కరెంటు బాల్సు గుండా పోతూ ఎక్కడికక్కడ మచ్చలు పెడుతుంది, రబ్బరు సీలు కమురుతుంది, గ్రీజు కరిగిన నెయ్యిలా కారిపోతుంది, గుండ్రని పైపు కోలగా మారుతుంది. రెండు హౌసింగులూ ఒక లైనులో ఉన్నాయా అంటారా? ఒక కన్ను మూసి చూడండి, దాదాపు అన్నీ తిన్నగానే కనిపిస్తాయి.

నాన్న జేబు బరువున్న కుర్రాడు హౌసింగుతో సహా వచ్చే యూసీపీ 205 బేరింగు బ్లాకు కొంటాడు. చిన్నచిన్న వంకర్లను అదే సర్దుకుంటుంది. కొన్నా పాడుచేసే దారులున్నాయి. గ్రబ్ స్క్రూలు చేతికందినంత బిగించి వదిలేయండి. పోత ఇనుప హౌసింగు గుంతల్లో చిట్లితే మామూలు 6013 వెల్డింగు రాడ్డుతో అతికించండి. అతుకు పక్కన మళ్లీ చిట్లుతుంది, రాడ్డుకు కొదవా?

6205లో రెండువైపులా సీలున్న రకం దొరికితే ఆ సీళ్లు పీకి పారేయండి. బురదను ఆపేది అవే అనుకోండి, కానీ గ్రీజు కూరడానికి అడ్డమొస్తాయి. లోపలి ఖాళీలో మూడో వంతు చాలదా అంటే, శుభమా అని కొత్త బండి కడుతూ ఈ పిసినారితనమేంటి? నిండా కూరండి, వేడెక్కితే ఎక్కనీయండి. ఊరి చెరువు గట్టున తిరిగొచ్చిన ప్రతిసారీ ప్రెషరు పంపుతో నేరుగా బేరింగు మీదే కొట్టి కడగండి.

స్పేరు బేరింగు వెంట పెట్టుకోనక్కర్లేదు. పాతది బయటికి రావాలంటే గ్యాస్ కట్టరు కావాలి, మన వెల్డింగు అలాంటిది.