చెంప మీద తువ్వాలు

మా రోజుల్లో నోటి క్యాన్సర్ వార్డులో ఏ మంచం దగ్గరికి వెళ్లినా ముందు కనబడేది ముఖం కాదు, తువ్వాలు. చెంప కోసేసిన చోట కన్నం. దాని మీద గాజుగుడ్డ, గాజుగుడ్డ మీద తువ్వాలు, తల చుట్టూ తిప్పి ముడి. తాగిన గంజిలో సగం ఆ కన్నంలోంచే మెడ మీదికి కారేది. చూడటానికొచ్చిన చుట్టాలు మంచం కాళ్ల వైపు నిలబడి, చూపు పక్కకు తిప్పుకుని మాట్లాడేవారు. 1978లో నర్సుగా అక్కడ చేరిన మొదటి వారం నాకు అన్నం సయించలేదు. 2014లో రిటైరయ్యే దాకా అదే పని చేశాను.

ముఖం నిలబెట్టే ప్రయత్నాలు అప్పుడు లేవని కాదు. నుదుటి చర్మాన్ని ఒక పక్క అతుకు ఉంచి లేపి, కిందికి తిప్పి నోట్లో కుట్టేవారు. అమెరికాలో బకంజియన్ అనే సర్జన్ 1965లో చూపిన దారిలో ఛాతీ, భుజం చర్మాన్ని లేపి మెడ మీదుగా తెచ్చేవారు. కొత్త చోట అంటుకునే దాకా మూడు వారాలు ఆ చర్మం భుజానికీ దవడకూ మధ్య వంతెనలా వేలాడుతుండేది. అన్నాళ్లూ మనిషి మెడ తిప్పకూడదు, ఒత్తిగిలి పడుకోకూడదు. తర్వాత మళ్లీ బల్లెక్కించి వంతెన కోసేవారు. 1979లో ఏరియన్ అనే డాక్టరు ఛాతీ కండను దాని రక్తనాళంతో సహా మెడ చర్మం కిందనుంచి పైకి తెచ్చే పద్ధతి ప్రకటించాడు. అది మా దాకా వచ్చాక ఒక్క ఆపరేషన్‌తో చెంప మూసుకోవడం మొదలైంది. మెడ మీద ఉబ్బు మిగిలేది, మగవాళ్లకు నోట్లో ఛాతీ వెంట్రుకలు మొలిచేవి. అయినా గంజి బయటికి కారకుండా గుటక పడిన రోజు ఎంతటి మొండివాళ్లూ ఏడ్చేవారు.

మా ఉత్తరాంధ్ర తీరం ఆడవాళ్లది ఇంకో కథ. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని పీలుస్తారు. అడ్డపొగ అంటారు. గాలికి చుట్ట ఆరదు, పెద్దల కంట పడదు. ఆ వేడీ పొగా నేరుగా అంగిలికే. ముందు తెల్లబడుతుంది, తెలుపు మీద ఎర్ర చుక్కలు లేస్తాయి, కొందరిలో అదే పుండవుతుంది. అంగిలి తీసేస్తే ముక్కూ నోరూ ఒకటే. బెస్తపల్లె నుంచి వచ్చిన ఒక మామ్మ నీళ్లు తాగితే ముక్కులోంచి వచ్చేవి, మాట గాలిలో కలిసిపోయేది. పళ్ల సెట్టు లాంటి ప్లేటు చేయించి ఆ కన్నానికి అడ్డం పెట్టాం. పెట్టిన రోజు ఆవిడ "సిస్టరమ్మా" అని స్పష్టంగా పిలిచింది. మళ్లీ పిలిచింది. నన్ను పిలవడానికి కాదు, తన గొంతు తను వినడానికి.

ఇప్పుడు? ముంజేతి చర్మాన్ని నాళాలతో సహా కోసి తెచ్చి, మెడలో నాళాలకు మైక్రోస్కోపు కింద వెంట్రుక కన్నా సన్నని దారంతో కుడతారు. దవడ ఎముక తీసేస్తే కాలి పక్క ఎముక తెచ్చి, వంకరగా మలిచి కొత్త దవడ కడతారు. ఆ ఎముక పోయినా మనిషి నడుస్తాడు, ఎందుకంటే బరువు మోసేది పక్కనున్న పెద్ద ఎముక. ఎనిమిది, పది గంటల పని. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మా శ్రీకాకుళం ఒకటి. అంతకుముందు చేను అమ్మితే గానీ ఆపరేషన్ బల్ల ఎక్కలేని వాళ్లు కార్డు పట్టుకుని రావడం చూశాను.

కానీ ఆ రాత్రులు కాపలా నర్సుదే. గంటగంటకూ టార్చి వేసి అతికించిన చర్మం చూడాలి. పాలిపోతే రక్తం అందట్లేదు, నీలమైతే వచ్చిన రక్తం తిరిగి పోవట్లేదు. సూదితో గుచ్చితే ఎర్రగా చుక్క లేవాలి. గొంతు గొట్టానికి మెడ చుట్టూ నాడా బిగించారో, కింద నాళం నలిగి పదిగంటల కష్టం తెల్లారేసరికి చచ్చిపోతుంది. ఇప్పటి నర్సులు చదువుకున్నవాళ్లే, కానీ చూపు మానిటర్ మీదే ఉంటోంది. మానిటర్‌కి చర్మం రంగు తెలియదమ్మా, వేలు పెట్టి చూడండి.

నా అసలు బాధ ఇది కాదు. రిటైరవడానికి రెండేళ్ల ముందు ముప్ఫై దాటని ఆటో డ్రైవరు ఒకడు రెండోసారి వచ్చాడు. ఖైనీ అదే బుగ్గలో పెట్టేవాడు. మొదటిసారి ముంజేతి చర్మంతో చెంప చక్కగా కుదిరింది, కరెంటు (రేడియేషన్) కూడా పెట్టించాం. ఆ తర్వాత పద్నాలుగు నెలలు మనిషి కనబడలేదు. "ముఖం బాగుంది కదా సిస్టరమ్మా, తగ్గిపోయిందనుకున్నాం" అంది వాళ్లమ్మ. కొత్త చెంప అంచునే మళ్లీ మొలిచింది. కరెంటు పెట్టిన మెడ చెక్కలా గట్టిపడి ఉంటుంది, నాళాలు పెళుసెక్కుతాయి. కుట్టడానికి ఆ పక్క నాళం దొరక్క అవతలి పక్కకు వెళ్లారు. ఈసారి తొడ చర్మం తెచ్చారు. అదీ నాలుగో రోజు నల్లబడితే, చివరికి ఆదుకున్నది మా రోజుల నాటి ఛాతీ కండే.

మా రోజుల్లో పెద్ద డాక్టర్లు కొందరు, కోసిన చోటు వెంటనే మూసేస్తే లోపల మళ్లీ మొలిచేది కంటపడదు, కొన్నాళ్లు తెరిచే ఉంచుదాం అనేవారు. వాదన డాక్టర్లది, కన్నం రోగిది. ఆ రోజులు మళ్లీ రావాలని నేను చచ్చినా కోరను. కానీ ఆ కన్నం కడిగించుకోవడానికి వాళ్లు ప్రతి వారం మా దగ్గరికి వచ్చేవారు, మేం లోపలికి చూసేవాళ్లం, గింజంత మొలిచినా పట్టేవాళ్లం. ఇప్పుడు ముఖం బాగుపడగానే చెకప్ కార్డు బీరువాలో పడుతోంది. గుట్కా నిషేధించారంటారు. అదే కొట్టులో వక్క మసాలా ఒక ప్యాకెట్, జర్దా ఇంకో ప్యాకెట్, కలుపుకోవడానికి కొన్నవాడి అరచెయ్యి. కొత్తగా కట్టిన చెంపలోనే మళ్లీ అదే పెట్టుకుంటున్నారు.

తిరగబెట్టేది ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే. మీ ఇంట్లో నోటి ఆపరేషన్ అయిన మనిషి ఉంటే ఈ రాత్రే టార్చి వేసి నోరు తెరిపించి చూడండి. అతుకు అంచున మానని పుండు, గట్టిగా తగిలే చోటు, మెడలో గడ్డ, ఏది కనబడినా రేపే తీసుకెళ్లండి. ఏమీ కనబడకపోయినా బీరువాలోంచి ఆ కార్డు తీసి, రావలసిన తారీఖు ఎప్పుడు దాటిపోయిందో చూసుకోండి.