కిడ్నీలు తినే బిళ్ల

పెళ్లి బంతిలో కూర్చుని ‘నాకు షుగరండీ, పూర్ణం బూరె వద్దు’ అని ఒక్కసారి అని చూడండి. వడ్డించే కుర్రాడు రెండో విస్తరికి వెళ్లేలోపే కుడిపక్క నుంచి ఒకరు, ఎడమపక్క నుంచి ఒకరు, ఎదురు వరసలోంచి ఇద్దరు వైద్యం మొదలెడతారు. ఒకాయన రిటైర్డు తాసిల్దారు, ఒకాయన సిమెంటు డీలరు, ఒకావిడ పెళ్లికొడుకు మేనత్త. ఎవరికీ ఎంబీబీఎస్ లేదు, అనుమానమూ లేదు. అందరి మొదటి ప్రశ్నా ఒకటే: ‘బిళ్లలు వేసుకుంటున్నారా?’ అవునన్నారా, చావు కబురు విన్నట్టు మొహం పెడతారు. ‘ముందు అవి మానెయ్యండి. కిడ్నీలు తినేస్తాయి.’

ఈ దేశంలో పది కోట్ల మందికి పైగా షుగర్ ఉందని 2023లో ఐసీఎంఆర్ వారి ఇండియాబ్ సర్వే తేల్చింది. ఉచిత సలహాదారుల లెక్క మాత్రం ఎవరూ తీసినట్టు లేదు. రోగికి నలుగురు చొప్పున వేసుకున్నా తక్కువే అవుతుంది.

ఆధారం అడగండి, ఇంట్లోనే ఉంటుంది. ‘మా తోడల్లుడు ఇరవై ఏళ్లు బిళ్లలు మింగాడు, ఇప్పుడు డయాలసిస్ మీదున్నాడు. మా పెదనాన్న ఇన్సులిన్ మొదలెట్టాడు, ఆర్నెల్లు తిరక్కుండా కాలు తీసేశారు.’ తిరుగులేని సాక్ష్యం! ఫైరింజన్ ఆగిన ప్రతిచోటా కొంప కాలి ఉంటుంది కాబట్టి నిప్పు పెట్టేది ఫైరింజనేనని కూడా ఇదే పద్ధతిలో రుజువు చెయ్యొచ్చు. ఆ తోడల్లుడుగారు ఇరవై ఏళ్లలో ఎన్నేళ్లు నిజంగా బిళ్ల వేసుకున్నారు, ‘బాగానే ఉంది కదా’ అని ఎన్నిసార్లు మానేశారు, బీపీ ఎంతుండేది, రోజుకు ఎన్ని చుట్టలు కాల్చేవారు? ఇవి అడగకూడదు. బంధుత్వాలు చెడతాయి.

ముద్దాయి ముఖ్యంగా మెట్‌ఫార్మిన్. దీని పుట్టుక వింటే పసరు మందుల అభిమానులు నొచ్చుకుంటారేమో. యూరప్‌లో గలీగా అనే మొక్క ఉంది. అందులోని రసాయనాల వెంట పడి పోగా పోగా తయారైనదే ఇది. 1957లో జాన్ స్టెర్న్ అనే ఫ్రెంచి డాక్టరు దీన్ని షుగర్ రోగులకు వాడి చూసి ఫలితాలు ప్రకటించాడు. అంటే మీరు మానెయ్యమంటున్న ‘కెమికల్’ తాతలు మొక్కలోవాళ్లే. ఈ మందు ఒంట్లో తన పని చేసుకుని మూత్రంలో బయటికి పోతుంది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లలో సరిగా బయటికి పోక పేరుకుంటుంది. అందుకే కిడ్నీ పనితనం పడిపోయే కొద్దీ డాక్టరు మోతాదు తగ్గిస్తాడు, మరీ పడిపోతే ఆపేస్తాడు. అదిగో, అక్కడ పట్టుకున్నారు మనవాళ్లు. ‘డాక్టరే ఆపేశాడంటే మరి చెడగొట్టింది అదేగా!’ ఇన్సులిన్ విషయంలో మరీ అన్యాయం. పుండు ముదిరి, చీము పట్టి, ఆపరేషన్ తప్పదన్నాక షుగర్‌ను దారికి తేవడానికి పిలుస్తారు దాన్ని. నింద మాత్రం దాని నెత్తిన పడుతుంది.

కిడ్నీని తినేది షుగరే. ఏళ్ల తరబడి చక్కెర ఎక్కువైన రక్తం సన్నని జల్లెడల్లోంచి పారి పారి వాటిని పాడు చేస్తుంది. మొదట మూత్రంలో కొద్దిగా ప్రొటీన్ కారుతుంది. నొప్పి లేదు, మంట లేదు. కాళ్లకు నీరు దిగేనాటికి సగం కథ అయిపోయి ఉంటుంది. బ్రిటన్‌లో యూకేపీడీఎస్ అని ఒక పెద్ద పరిశోధన చేశారు, ఫలితాలు 1998లో వచ్చాయి. కొత్తగా షుగర్ బయటపడ్డవాళ్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు బిళ్లలో ఇన్సులినో ఇచ్చి షుగర్‌ను గట్టిగా పట్టి ఉంచారు, రెండో జట్టును వీలైనంత వరకు పథ్యంతోనే నెట్టుకొచ్చారు. పదేళ్ల తర్వాత చూస్తే కళ్లు, కిడ్నీల వంటి చోట సన్నని రక్తనాళాలు చెడిపోవడం మందుల జట్టులోనే నాలుగో వంతు తక్కువ. మన పెళ్లి బంతి సిద్ధాంతానికి ఇది సరిగ్గా తిరగేసిన ఫలితం. ఇప్పుడైతే కిడ్నీలను కాపాడటానికే రాసే షుగర్ బిళ్లలు కూడా వచ్చాయి. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి వాటి వంశం 1835లో ఆపిల్ చెట్టు బెరడు నుంచి తీసిన ఒక పదార్థం దగ్గర మొదలైంది. మళ్లీ చెట్టే! ఫోను వీడియోల్లో ఈ చెట్టుకు మాత్రం చోటు లేదు.

ఫోనులో వేరే చెట్లుంటాయి. బాల్కనీ కుండీలో ఇన్సులిన్ మొక్క, రోజుకు రెండాకులు నమిలితే ఇంజక్షన్‌తో పని లేదట. ఆ ఆకులో ఇన్సులిన్ లేదు. ఉన్నా లాభం లేదు. ఇన్సులిన్ ప్రొటీన్ కాబట్టి నోటితో తింటే పప్పులో ప్రొటీన్‌లాగే అరిగిపోతుంది. అరిగిపోకపోతే వందేళ్లుగా జనం సూదులు పొడుచుకోవడం దేనికి? తర్వాత నేరేడు గింజల పొడి, పొడపత్రి, రాత్రంతా నానబెట్టిన బెండకాయ నీళ్లు, మెంతులు, కాకర రసం. వీటిలో కొన్నింటికి షుగర్‌ను కాస్త తగ్గించే గుణం ఉండొచ్చు. నా తగువు వాటితో కాదు. కాకరకాయ తినండి, ఉల్లికారం కూరి మరీ తినండి. తగువంతా వీడియో చివర వచ్చే ఆ ఒక్క ముక్కతోనే: ‘ఇది మొదలెట్టాక బిళ్లలు ఆపెయ్యండి.’

కిడ్నీల మీద ఇంత ప్రేమ ఉన్నవాళ్లు ఆ వీడియోలు చూసి కొనే పొడి డబ్బాలో ఏముందో అడగరు. ఇంటర్నెట్‌లో అమ్మే ఆయుర్వేద మందులు 193 తెప్పించి అమెరికా పరిశోధకులు పరీక్షిస్తే, సుమారు ఐదింట ఒకదానిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనిపించింది. 2008లో వైద్య పత్రికలో అచ్చయిన సంగతి ఇది. సీసం, పాదరసం కిడ్నీలకు చేసే చేటు పుకారు కాదు. ఇంకొన్ని ‘మూలికా’ మందుల్లో అల్లోపతి షుగర్ మందునే నూరి కలిపినట్టు చాలా దేశాల్లో అధికారులు పట్టుకున్నారు. అలాంటి పొడి పని చేస్తుంది మరి, ఎందుకు చెయ్యదు! బిళ్ల మానేసిన మహానుభావుడు అదే బిళ్లను మోతాదు తెలియకుండా చెంచాలతో మింగుతుంటాడు.

‘షుగర్‌కు శాశ్వత పరిష్కారం’ అని ప్రకటన వెయ్యడం నేరమని 1954 నాటి చట్టం చెబుతోంది. డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం అంటారు. నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల జాబితాలో మధుమేహం పేరు ఉంది. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు. ఆ ప్రకటన మాత్రం బస్టాండు గోడ మీదా ఉంది, పొద్దున ఆరున్నరకు భక్తి పాటల మధ్య టీవీలోనూ ఉంది.

ఈ వ్యాపారం ఇంత నిక్షేపంగా సాగడానికి కారణం ఒకటే. షుగర్ తాపీగా చంపే జబ్బు. తేలు మంత్రం పనిచేసిందో లేదో రాత్రికి తేలిపోతుంది. షుగర్ మంత్రం బండారం బయటపడటానికి పదేళ్లు, పదిహేనేళ్లు పడుతుంది. పొడి కొన్న మనిషి ఆ ఉత్సాహంలో అన్నం సగానికి తగ్గిస్తాడు, కాఫీలో పంచదార మానతాడు, పొద్దున్నే పార్కులో నాలుగు రౌండ్లు కొడతాడు. పదిహేనో రోజుకు షుగర్ దిగుతుంది. దిగినది నడకతో, చప్పట్లు పొడికి. కెమెరా ముందు గ్లూకోమీటరు చూపించి, శాలువా కప్పి, నమస్కారం పెట్టించేస్తారు. మూడో నెలకు పొడి ఉంటుంది, నడక ఉండదు. హెచ్‌బీఏవన్‌సీ చేయిస్తే మూడు నెలల బండారం బయటపడుతుంది కాబట్టి అది చేయించరు. ఏడో ఏట చైత్రమాసపు ఎండలో గుడి చుట్టూ వట్టికాళ్లతో ప్రదక్షిణ చేసి, ఇంటికొచ్చి మంచం ఎక్కాక కోడలు చూసి చెబితే గానీ అరికాళ్ల బొబ్బలు తెలియవు. నరాలు అప్పటికే చచ్చి ఉంటాయి. పన్నెండో ఏట కంటి ముందు నల్లని పొరలు. ఆ తర్వాత వారానికి మూడుసార్లు, పూటకు నాలుగు గంటలు డయాలసిస్ మంచం. ఆ మంచం దగ్గరికి కెమెరా ఎవరు తెస్తారు? సన్మానం చేసిన చానల్‌కు ఆ మనిషి ఫోన్ నంబరు కూడా ఉండదు. బంధువులు మాత్రం వచ్చి, పళ్లు పెట్టి, నిట్టూర్చి తీర్పు చెప్పి పోతారు: ‘ఆ బిళ్లలే కొంప ముంచాయి.’

పిల్లల్లో వచ్చే టైప్-1 విషయంలో ఈ తమాషాకు అంత గడువు కూడా లేదు. పిల్లవాడికి ఇన్సులిన్ ఆపేసి పసరు పోస్తే ఏళ్లు కాదు, రోజులు. అక్కడ నవ్వడానికి ఏమీ లేదు.

షుగర్ వెనక్కి తగ్గడమే ఉండదా అంటే, ఉంటుంది. బ్రిటన్‌లోనే డైరెక్ట్ అనే పరిశోధనలో, షుగర్ వచ్చి ఆరేళ్లు దాటని లావుపాటి వాళ్లకు నెలల తరబడి రోజుకు సుమారు 850 కేలరీల ఆహారం ఇచ్చి బరువు బాగా తగ్గించారు. ఏడాది తిరిగేసరికి దాదాపు సగం మంది మందులు లేకుండా నిలబడ్డారు. అది డాక్టర్ల కళ్ల ముందు, లెక్క ప్రకారం జరిగింది. బరువు మళ్లీ పెరిగిన చాలామందికి షుగర్ మళ్లీ వచ్చింది. మన పొడి వ్యాపారి ఇందులోంచి ‘మందులు లేకుండా’ అన్న రెండు మాటలు కత్తిరించుకుని డబ్బా మీద అతికించుకుంటాడు.

డాక్టర్లకూ ఇందులో వాటా ఉంది. గంటన్నర కూర్చోబెట్టి, రెండు నిమిషాలు చూసి, కాలి చెప్పు విప్పమని కూడా అనకుండా చీటీ చేతిలో పెట్టే ఆయన, ఈ బిళ్ల ఎందుకో ఒక్క మాట చెప్పి ఉంటే సగం అనుమానాలు పోయేవి. పెళ్లి బంతిలో బాబాయిగారు అరగంట వింటారు, భుజం మీద చెయ్యి వేస్తారు. జనం ఆ చేతికి లొంగిపోతారు తప్ప సిద్ధాంతానికి కాదు.

కాబట్టి ఈసారి ఎవరైనా బిళ్లలు మానెయ్యమంటే తగువు పెట్టుకోకండి. వంద రూపాయల స్టాంపు పేపరు ముందు పెట్టి, ‘పదిహేనేళ్ల దాకా మీ కళ్లకూ, కాళ్లకూ, కిడ్నీలకూ పూచీ నాది’ అని రాసి సంతకం పెట్టమనండి. పెట్టేదాకా బిళ్లలు వేసుకుంటూ ఉండండి. ఏడాదికోసారి మూత్రంలో అల్బుమిన్, కంట్లో రెటీనా, అరికాళ్లు చూపించుకుంటూ ఉండండి. ఎవరైనా సంతకం పెడితే మాత్రం నాకో జిరాక్సు కాపీ పంపండి.