పెంచుకున్న కూతురు

అమెరికాలోని ఓక్లహోమాలో మారిస్ టెమర్లిన్ అని ఓ సైకాలజీ ప్రొఫెసర్ ఉండేవాడు. మనుషుల మనసులకు చికిత్స చేయడం కూడా ఆయన వృత్తే. 1964లో ఆయనా, భార్య జేన్ కలిసి రెండు రోజుల చింపాంజీ పిల్లను పెంపకానికి తెచ్చుకున్నారు. తల్లికి మత్తుమందు కలిపిన కూల్‌డ్రింక్ తాగించి, సోలిపోయాక ఒళ్లోంచి పిల్లను తీసేశారు. లూసీ అని పేరు పెట్టి, పాలసీసా పట్టి, కన్నబిడ్డను సాకినట్టే సాకారు. ఆ దంపతులకు లూసీ కూతురే.

కూతురు మర్యాదలన్నీ బాగానే నేర్చింది. టేబుల్ దగ్గర కూర్చుని చెంచాతో తినేది. తన బట్టలు తనే వేసుకునేది. సాయంత్రం భోజనానికి ముందు ఓ గ్లాసు జిన్ పుచ్చుకుని, తీరిగ్గా పత్రికలు తిరగేసేది. బధిరుల సైగల భాష నేర్పడానికి రోజర్ ఫౌట్స్ ఇంటికి వచ్చేవాడు. ఆయన రాగానే లూసీ వంటింట్లోకి నడిచి, కెటిల్‌లో నీళ్లు పట్టి, స్టవ్ మీద పెట్టి, టీ చేసి ఇచ్చేది. వంద దాకా సైగలు పట్టుబడ్డాయి. పేరు తెలియనివాటికి తనే పేరు పెట్టేది. పుచ్చకాయ 'తాగే పండు' అయింది. ముల్లంగి కొరికి ఘాటు నషాళానికి అంటాక ఏడుపు, నొప్పి, తిండి అన్న మూడు సైగలూ కలిపి దాని పేరు ఖాయం చేసింది.

ఒకరోజు ఫౌట్స్ వచ్చేసరికి హాలు మధ్యలో లూసీ చేసిన నిర్వాకం కనిపించింది. ఏమిటది అని అడిగాడు. తెలియదంది. రెట్టిస్తే 'ఛీ ఛీ' అని సైగ చేసింది. ఎవరిది? స్యూది అంది. స్యూ అంటే లూసీతో పనిచేసే విద్యార్థిని. స్యూది కాదు, ఎవరిది? రోజర్‌ది అంది, ఎదురుగా నిలబడ్డ రోజర్‌తోనే. నాది కాదమ్మా, ఎవరిదో చెప్పు అని మూడోసారి నిలదీశాక లొంగింది. లూసీదే, తప్పయింది అని ఒప్పుకుంది.

జంతువుల తెలివి గురించి రాసేవాళ్లకు ఇదో పండగ. చింపాంజీ అబద్ధమాడింది, పైగా నేరం పక్కవాళ్ల మీదికి నెట్టింది. మనిషి అనిపించుకోవడానికి ఇంకేం కావాలి? 1975లో టెమర్లిన్ ఏకంగా పుస్తకం రాశాడు. 'లూసీ: గ్రోయింగ్ అప్ హ్యూమన్' అన్న పేరు కింద, ఓ సైకోథెరపిస్టు కుటుంబంలోని చింపాంజీ కూతురు అని అచ్చువేయించాడు.

అప్పటికి కూతురికి పదకొండేళ్లు. ఇంట్లో తాళాలు ఆగడం లేదు, సామాను మిగలడం లేదు. ఎదిగిన చింపాంజీ బలం ముందు మనిషెంత? 1977లో లూసీని ఆఫ్రికాలోని గాంబియాకు పంపేశారు. జూకో, లాబొరేటరీకో అప్పగించడం కంటే అడవే నయమనుకున్నారు.

ఆ అడవిని లూసీ ఎన్నడూ చూసి ఎరగదు. ఆకులు తినడం, పళ్లు వెతుక్కోవడం, చెట్టు మీద పడుకోవడం ఏదీ రాదు. ఒళ్లు చిక్కిపోయింది, వెంట్రుకలు రాలిపోయాయి. వెంట వచ్చిన విద్యార్థిని జానిస్ కార్టర్ కొద్ది వారాలుండి వెళ్లిపోదామనుకుంది. వదల్లేక ఏళ్ల తరబడి ఉండిపోయింది. గాంబియా నది మధ్యలోని ఓ దీవిలో చింపాంజీలు స్వేచ్ఛగా తిరుగుతుంటే, ఆమె ఇనుప బోనులో పడుకునేది. మిగతా చింపాంజీలు తిండి వెతుక్కుంటూ పోయినా లూసీ మాత్రం బోను దగ్గరే ఉండి, తనకొచ్చిన భాషలో అడిగేది: తిండి, నీళ్లు, బయటికి రా, నొప్పి. మెల్లమెల్లగా అడవి బతుకు కొంత అలవడింది కానీ ఎక్కువకాలం సాగలేదు. 1987లో ఆ దీవిలో లూసీ ఎముకలు దొరికాయి.

లూసీ ఆడిన అబద్ధం మూడో ప్రశ్నకే తేలిపోయింది. 'కూతురు' అన్న మాట తేలడానికి మాత్రం పదమూడేళ్లు పట్టింది.