మీకు మెరీనా, మాకు మూసీ

నదిని జూచి నమస్కరించు కాలము గతించినది. నదిని జూచుచు నమలు కాలము ప్రాప్తించినది. పూర్వము ఏటి యొడ్డునకు బోయినవాడు కాళ్లు కడిగికొని, మూడు పుడిసిళ్ల నీరు నెత్తిన జల్లుకొని, గతించిన పెద్దల నొకమారు తలంచుకొని యింటికి మరలెడివాడు. ఇప్పటివాడు ఒడ్డున వేసిన కుర్చీలో జేరగిలబడి, పేరు నోరు తిరుగని కాఫీ నొకదానిని దెప్పించుకొని, ఎదుట నీటిమీద దేలుచున్న పడవ వెల యెంతయుండునో తోడివానితో తర్కించి, ఆ పడవ తనది కాకున్నను దాని ముందర నిలువబడి తన ఫొటో తాను దీసికొని, రెండు సంచుల నిండ అక్కరలేని సామగ్రిని గొని మరలుచున్నాడు. ఈ నూతన తీర్థవిధికి అనుకూలముగ నిర్మింపబడిన క్షేత్రమునకు మెరీనా యని పేరు. మదరాసు మెరీనా నెరిగిన పెద్దలు అది ఇసుకతిన్నె యనుకొందురు గాని, అది వేరు, ఇది వేరు. ఇది కలవారి షికారు పడవలను కట్టివేయుటకు అమర్చిన కొట్టము, చుట్టును దుకాణములు.

అట్టి మహాయోగము మా మూసీనదికి గూడ పట్టబోవుచున్నదని విని మా భువనగిరి పురజనులు పులకాంకితులైరి. హైదరాబాదు బాహ్యవలయ రహదారి లోపల, ఈ కొన నుండి ఆ కొనకు 55 కిలోమీటర్ల పొడవున, నదికి ఇరుదెసల విహారస్థలములును, అంగళ్లును, వెలుగుదీపములును వెలయునట. దాని వ్యయము లక్షా యాభైవేల కోట్లని 2024వ సంవత్సరమున వినవచ్చిన అంకెను కాగితముపై వేసి చూచిన మా వీథి పంతులుగారు, సున్నలు వ్రాయుటకు స్థలము చాలక, మిగిలినవానిని వెనుక పుటలో వ్రాసికొనిరి. ఆ 55 కిలోమీటర్లలో మా జిల్లా వాటా యెంత యని యొక అవివేకి ప్రశ్నించెను. బాహ్యవలయము దాటిన పిమ్మట నది యుండునో లేదో పటములో స్పష్టముగ లేదని వానిని సమాధానపరచితిమి.

న్యాయముగ జెప్పవలెనన్న ఈ సంకల్పము నేటిది కాదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరములో వేలకొలది ప్రాణములను బలిగొనిన పిదప, నిజాం ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించగా, ఆయన జలాశయములు కట్టుడనియు, మురుగుకు వేరు మార్గములు తీయుడనియు, పిమ్మట తీరములను సుందరముగ దీర్చుడనియు సలహా నిచ్చెను. 1920లో గండిపేటయు, 1927లో హిమాయత్ సాగరమును పూర్తియైనవి. సలహాలోని మూడవ భాగము మాత్రము ప్రతి ప్రభుత్వమునకు ఇష్టదైవమైనది. 1990ల ద్వితీయార్ధమున అది 'నందనవనము' అను పేరున అవతరించి, 2017లో ప్రత్యేక కార్పొరేషను రూపము దాల్చి, నేడు విశ్వరూపము నెత్తినది. నడుమనున్న మురుగు సంగతి మాత్రము, పెండ్లిపందిట దరిద్రపు చుట్టము వలె, ఎవ్వరి కంటికిని ఆనకుండ మూలనే యున్నది.

నాకు ఈ మెరీనాలపై నింత పాండిత్యము ఎట్లు అబ్బినదని చదువరులు శంకింపవచ్చును. లండను నగరమున ఉద్యోగము చేయుచున్న మా మేనల్లుడు నన్ను రప్పించుకొని, థేమ్సు నదిపై టవర్ వంతెన పక్కనున్న సెయింట్ క్యాథరీన్ రేవునకు గొనిపోయి, "మామా, రేపు మన మూసీ గిట్లనే ఉంటదట. జర ముందుగాలనే జూసి పెట్టుకో" అనెను. చూచితిని. ఒకప్పుడు ఆ రేవు శుద్ధ పారిశ్రామిక స్థలము. థామస్ టెల్‌ఫర్డ్ అను ఇంజనీరు కట్టగా 1828లో తెరచిరి. ఏనుగు దంతము, తేయాకు, చక్కెర, నీలిమందు, సుగంధద్రవ్యములు సముద్రములు దాటి వచ్చి ఆ గోదాములలో గుట్టలు పడినవి. ఓడలు పెద్దవై రేవు ఇరుకై 1968లో మూతపడగా, కొన్నేండ్లకు దానిని మెరీనాగ మార్చిరి. దంతము దాచిన భవనము నేటికిని దంతభవనమను పేరుతోనే యున్నది, లోపల మాత్రము నివాసములును, క్రింద భోజనశాలలును ఉన్నవి. బస్తాలు దిగిన మెట్లమీద ఇప్పుడు కాఫీ గిన్నెలు దిగుచున్నవి. ఒక గిన్నె వెలను మనసులోనే రూపాయలకు మార్చుకొని చూచి, నేను మర్యాదగ దాహము లేదంటిని.

మూతపడిన మిల్లును మనమేమి చేయుదుమో జ్ఞాపకము వచ్చి కొంత సిగ్గుపడితిని. ఓరుగల్లులో 1934లో నెలకొని వేలమందికి అన్నము పెట్టిన ఆజంజాహి మిల్లు 2002లో మూతపడగా, దాని భూమిని ప్లాట్లు వేసి అమ్ముకొంటిమి. లండనువారు గోదామును దుకాణము చేసిరి. మనవారు గోడలను గూడ మిగుల్చుకొనక, హద్దురాళ్లు పాతుకొంటిరి. ఈ విషయమున వారికన్న మనమే త్వరితగతి గలవారము.

అయితే ఆ రేవు కథకు మొదటి అధ్యాయమొకటి ఉన్నది. టెల్‌ఫర్డ్ గారు తవ్వుటకు ముందు అచట 1,250 ఇండ్లు కూల్చి, 11,000 మందికి పైగా బీదవారిని వెడలగొట్టిరి. పరిహారము ఇంటి యజమానులకే గాని, అద్దెకున్న కూలివారికి కాణీ దక్కలేదు. ఇది చదివి నాకు మూసీ యొడ్డున చాదర్‌ఘాటు దగ్గరి మూసానగరును, శంకర్‌నగరును కండ్ల గట్టినవి. 2024లో అచటి గోడలపై కూల్చుటకై ఎర్రరంగుతో గుర్తులు వేసిన నాడు, కొందరు రెండు పడకగదుల ఇండ్ల తాళపుచెవులు పుచ్చుకొని కదలిరి, కొందరు గోడకు వీపు నానించి కూర్చుండిరి. ఇన్నూరేండ్ల నాగరికతా ప్రయాణమున మనము గడించిన ప్రగతి ఆ తాళపుచెవులే. వానిని తక్కువచేసి చెప్పుట కృతఘ్నత.

మెరీనాలో నాకు మిక్కిలి నచ్చినది నీటి కట్టడి. థేమ్సుకు సముద్రపు పోటుపాటులు కలవు. దినమునకు రెండుమార్లు నీరు తాటిచెట్టులో సగమెత్తు లేచి దిగుచుండును. కావున రేవు ముఖమున తలుపులు బిగించి, పోటు వేళ మాత్రమే తెరచి, పడవలను లోనికి బయటికి విడుచుచుందురు. మా మూసీకిని ఇట్టి యేర్పాటు కుదురునా యని మేనల్లుడు సందేహించెను. కుదురకేమి? మూసీకి సముద్రము లేదు గాని నగరము ఉన్నది. ప్రాతఃకాలమున ఏడు గంటలు మొదలు తొమ్మిది గంటల వరకు కోటిమంది స్నానాదులు ముగించు శుభవేళ మూసీకి పోటు, అపరాహ్ణము పాటు. పంచాంగకర్తలతో పనిలేక ప్రతి యింటి స్నానాలగడియే ఈ వేళలను తెలుపగలదు.

ఇక మన పెద్దలు చూచివచ్చిన తీర్థములు. 2024 అక్టోబరులో మంత్రులును, అధికారులును, పత్రికలవారును కొరియా దేశపు సియోలు నగరమునకు బోయి, 2005లో పునరుద్ధరింపబడిన చియోంగ్యెచియోన్ అను వాగును దర్శించి, తన్మయులై మరలివచ్చిరి. ఆ వాగు ఆరు కిలోమీటర్లకు లోపే. దానిలో పారునది హాన్ నది నుండి యంత్రములతో తోడి పోయు నీరు. ఇంటి చెంతనే యున్న అహమదాబాదునకు బోయినను ఇదే విద్య నేర్చుకొనవచ్చును: అచట సబర్మతికి కాంక్రీటు గోడలు కట్టి, నర్మద నీటిని నింపి, 2012 నుండి జనులను విహరింపజేయుచున్నారు, వాస్నా బ్యారేజీ దిగువన మాత్రము ఆ నది దేశములోని మిక్కిలి మలినమైన నదీభాగములలో నొకటియై, మిల్లుల మురుగును, నగరపు మురుగును మోసికొని పోవుచున్నది. మనము సైతము గోదావరి నుండి తెచ్చు నీటిలో 2.5 టీఎంసీలు మూసీకి కేటాయించితిమి. టీఎంసీ యనగనే గౌరవము కలుగును గాని, లెక్క వేసినచో అది 7,000 కోట్ల లీటర్లు. హైదరాబాదు దినమునకు పుట్టించు మురుగు సుమారు 195 కోట్ల లీటర్లు. అనగా ఏడాదికి చాలవలసిన పవిత్ర గోదావరి, నగరపు ఐదు వారముల ప్రాతఃకృత్యములకు సమానము.

అది చాలదన్నట్లు పటాన్‌చెరువు పారిశ్రామిక ద్రవములు 18 కిలోమీటర్ల గొట్టమున అంబరుపేటకు విచ్చేసి, గృహస్థుల మురుగుతో సంగమించి, మూసీని చేరుచున్నవి. లండనులో పరిశ్రమలు పోయిన చోట మెరీనా వెలసినది. మనవద్ద పరిశ్రమలు చోటు విడువకయే, తమ ప్రతినిధులను ముందుగ మెరీనాలోనికి పంపుచున్నవి.

లండను కథను మన పెద్దలు సగమే చదివిరని నా యనుమానము. 1858 వేసవిలో థేమ్సు కంపు పార్లమెంటు భవనములోనికి చొరబడగా, సభ్యులు కిటికీ తెరలను సున్నపు క్లోరైడులో తడిపి వ్రేలాడదీయించుకొని, ముక్కులకు రుమాళ్లు కట్టుకొని, అంతవరకు ఏండ్ల తరబడి తేలని మురుగు బిల్లును 18 దినములలో శాసనము చేసిరి. బజల్గెట్ అను ఇంజనీరు నగరమంతట క్రింద సొరంగములు తవ్వి మురుగును గ్రహించి, శుద్ధి చేయక, తూర్పున దిగువనున్న బెక్టన్, క్రాస్‌నెస్ అను చోట్ల నదిలోనే వదలెను. నగరము సుగంధభరితమైనది. దిగువవారి గతి నెవ్వరు నడుగలేదు. 1878 సెప్టెంబరు 3వ తేదీన ఆ చోటనే 'ప్రిన్సెస్ ఆలిస్' అను విహారనౌక మునుగగా 600 మందికి పైగా చనిపోయిరి. గంటక్రితమే వదలిన మురుగులో ఈదనేర్చినవారు సైతము ఒడ్డు చేరలేకపోయిరి. అప్పుడు గాని దిగువ యను ప్రదేశమొకటి కలదని రాజధానికి తెలియలేదు. ఆ పిమ్మటను 1957 నాటికి థేమ్సును జీవరహితమని శాస్త్రజ్ఞులు తేల్చిరి. శుద్ధికర్మాగారములను పెంచి, దశాబ్దములు శ్రమించిన తరువాత చేపలు తిరిగి వచ్చినవి. అంత చేసినవారే ఇంకను చాలదని, 25 కిలోమీటర్ల మహాసొరంగమును 2025లో వినియోగమునకు దెచ్చిరి. కాఫీ కుర్చీలు ఇన్నింటి నడుమ వేసినవే గాని, ఇన్నింటికి ముందు వేసినవి కావు.

మాకు తెలిసిన దిగువ మేమే. మూసీ బాహ్యవలయము దాటి పోచంపల్లి, బీబీనగరు, వలిగొండ ప్రాంతముల మీదుగ, బునాదిగాని కాల్వకును, పిలాయిపల్లి కాల్వకును, ధర్మారెడ్డిపల్లి కాల్వకును తన దానధర్మములు చేసికొనుచు, వాడపల్లి వద్ద కృష్ణలో గలియును. సంగెం దగ్గర భీమలింగం కత్వ అను అడ్డుకట్ట పైనుండి దుముకునపుడు తెల్లని నురుగు మేఘములై లేచి, మొదటిసారి చూచువానికి హిమాలయ భ్రాంతిని గలిగించును. మా కోటను గట్టించిన చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు ఎంతటి దూరదృష్టి కలవాడో ఆ నురుగును చూచినపుడే బోధపడును: ఏటి యొడ్డు విడిచి, ఏకశిలా శిఖరమెక్కి కోట గట్టినాడు.

ఆ కత్వ కింద నాట్లు వేయించుచున్న యొక రైతును మెరీనాపై నభిప్రాయ మడిగితిని. "పట్నపోళ్లు నల్లా తిప్పితె పోతది సారూ, మేము తూము ఎత్తితె వస్తది. గంతే" అని, కాళ్లకు పట్టిన దురదను గోకికొనుచు, "అట్లని బంద్ పెడుతమంటె వద్దు, ఎండకాలం గీ నీళ్లే దిక్కు. కడిగి పంపుమనుండ్రి, సాలు" అనెను. ఇంజనీర్ల నివేదికలలో వందల పుటలు పట్టిన సంగతి వాని నోట నాలుగు ముక్కలలో తేలిపోయినది. ప్రథమమున కడుగుట, పిమ్మట అలంకరించుట: ఏ తల్లి యైనను పసిబిడ్డకు చేయు వరుస ఇదియే, బిడ్డకు పౌడరు పూసిన పిమ్మట నీళ్లు పోయు తల్లిని లోకము మెచ్చుకొనదు.

ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిగారు 2024 నవంబరు 8వ తేదీన తమ జన్మదినమున మా సంగెంకు వచ్చి, మూసీ యొడ్డున పాదయాత్ర చేసి, ఈ కంపును స్వయముగ ఆఘ్రాణించి వెళ్లిరి. ఆ మేలు మేము మరువము. కాని కంపు ఒక్కరు చూచినచో సంకల్పమగును, అందరు చూచినచోనే శాసనమగునని థేమ్సు చరిత్ర ఘోషించుచున్నది. కావున భువనగిరి పౌరుల పక్షమున నాదొక మనవి: రాబోవు వేసవిలో శాసనసభా సమావేశము నొకదానిని భీమలింగం కత్వ మీద జరిపింపుడు. అధికారపక్షము గాలి పోవు దిక్కున, ప్రతిపక్షము గాలి వచ్చు దిక్కున కూర్చుండవచ్చును. పూటకొకమారు స్థానములు మార్చుకొన్నచో ప్రజాస్వామ్యమునకు లోటుండదు. నీటి సీసాలను నిషేధించి, దాహమైనవారికి కాల్వ నీరే యందింపవలెను. తెరలకు వలసిన గుడ్డను మా పోచంపల్లి నేతగాండ్రు చక్కని ఇక్కతు నమూనాలో నేసి యిత్తురు, బకాయి పెట్టకున్న చాలును. సున్నపు క్లోరైడు మాత్రము సర్కారుదే. లండను సభ్యులకు 18 దినములు పట్టినది. మన సభ్యులు వారికన్న సుకుమారులు గనుక, మధ్యాహ్న భోజనము వడ్డింపకమునుపే బిల్లు ఏకగ్రీవముగ నెగ్గునని నా దృఢ విశ్వాసము.